ఈ వారం సమస్య: "మంచివాఁడటంచు మండిపడిరి"

నిర్వాహకుడు (కడప): ఇది ఆటవెలది పద్యంలో నాలుగో పాదం; ముందు మూడు పాదాలు మీరు అల్లి పూరించాల. ఐదూ సూర్యగణాలే (మూడు మాత్రల చిన్న గణాలు), యతి 'మం–మం' (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం జత కలవడం). మంచివాడంటే మెచ్చుకోవాల గానీ మండిపడడమేంది? చిక్కంతా అక్కడే. వేమన ఛందం కదా, తేలికని అనుకోవద్దు. ఆ వేమననే పండితులు చాలాకాలం కవుల లెక్కలో వేయలేదు. 1829లో బ్రౌన్ దొర అచ్చు వేయించినాక గదా చూపు మారుతూ వచ్చింది! (బ్రౌన్ లైబ్రరీ మెట్ల మీద కూర్చుని ఈ పాదం అల్లినా, అందుకే ఆయన గుర్తొచ్చినాడు.)

ప్రొద్దుటూరు అక్క:
లంచమంటకుండ, లక్షలు చూడక
యిల్లు కట్టలేదు ఇంతవరకు
భార్య, పిల్లలంత, బంధువు లొకటయి
మంచివాఁడటంచు మండిపడిరి

మా బాబాయి కథే ఇది. ఓ ఆఫీసులో గుమాస్తా. పెళ్లిచూపులకొచ్చినోళ్లు కాఫీ తాగుతా గోడ పెచ్చులు చూసి, "ఇంకా బాడుగ ఇల్లేనా?" అన్నారు. ఆ సంబంధం మళ్లీ రాలేదు.

నిర్వాహకుడు: 'మంచివాఁడట' అనడంలోని వెటకారం బాగా పట్టుకున్నావక్కా. రెండో పాదంలో 'లేదు ఇంత' మాత్రం విసంధి, అంటే కలపాల్సిన సంధి కలపలేదు. "యిల్లు కట్టఁడాయె నింతవరకు" అంటే సంధీ కుదురుతుంది, ఇంటావిడ నిట్టూర్పూ వినిపిస్తుంది.

ప్రొద్దుటూరు అక్క: 'కట్టడాయె' అచ్చం మా పిన్ని మాటే. మార్చుకుంటా.

నిర్వాహకుడు: మైదుకూరు తమ్ముడి పూరణలో రెండో పాదానికి ఆరు గణాలొచ్చినాయి. సరిచేసి పంపమన్నా.

అనంతపురం సభ్యుడు:
కోర్టు తీర్పు నిచ్చెఁ గుట్ర యిదని తేల్చి
యరుగు మీఁది తీర్పులాగలేదు
నిన్న తిట్టినోళ్లె నేఁటికి మారక
మంచివాఁడటంచు మండిపడిరి

నిర్వాహకుడు: కోర్టులో కేసు ఎప్పటికో ఒకనాటికి తెగుతుంది, టీ అంగడి కాడ రోజూ వాయిదానే! భావం బాగుంది. 'తిట్టినోళ్లె' మన మాటే, నాకిష్టమే, కానీ ఈ పద్యంలో పంటి కింద రాయి.

అనంతపురం సభ్యుడు: 'తిట్టు నోళ్లె' అందామా అన్నా? గణం చెడదు. మనుషులు పోయి నోళ్లే మిగుల్తాయి.

నిర్వాహకుడు: భలే. అదే ఉంచు.

జమ్మలమడుగు మాస్టారు: రెండో పాదం ఇంకోసారి చదవండి. తీర్పులు ఆగలేదు అనీ వస్తుంది, తీర్పు లాగ లేదు అనీ వస్తుంది. శ్లేష అదిరింది నాయనా!

అనంతపురం సభ్యుడు: నిజం చెప్తే అట్ల విరుగుతుందని నాకే తెలీదు మాస్టారూ. వచ్చింది గదా, నా ఖాతాలోనే వేసుకుంటా.