టేబుల్‌టాప్ ఆర్‌పీజీలకు (బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్కరు ఒక పాత్రగా ఆడే ఆటలకు) సప్లిమెంట్లు (మూల నియమాల పుస్తకానికి తోడుగా వచ్చే పుస్తకాలు) ఎంత తరచుగా రావాలి?

పాతకోట:
ఈ ఆటల్లో పేరున్న డంజన్స్ అండ్ డ్రాగన్స్ అయిదవ ఎడిషన్ 2014లో వెలువడింది. ఆటగాళ్లకు కొత్త సబ్‌క్లాసులను (పాత్ర క్లాసు, అంటే వృత్తిలోని ఉపవిభాగాలను), స్పెల్స్‌ను (మంత్రాలను) పెద్ద ఎత్తున అందించిన నియమాల పుస్తకం మాత్రం 2017 నవంబరు వరకు రాలేదు. మధ్యలో 2015లో ఆ ఆటలోని స్వోర్డ్ కోస్ట్ ప్రాంతం గురించి ఒక పుస్తకం వచ్చిందిగాని, అందులో ఎక్కువ భాగం ఆ ప్రాంత వర్ణనే. అంతకుముందు అదే ఆట 3.5 ఎడిషన్ నడిచిన కాలంలో దాదాపు నెలకొక పుస్తకం వచ్చేది. ఈ రెండు పద్ధతుల్లో ఏది మేలన్నది నా ప్రశ్న. నాకు నిదానమే మేలనిపిస్తుంది. కొత్త పుస్తకం కొన్న ఆటగాడు తన క్యారెక్టర్‌కు పనికివచ్చే నాలుగు పేజీలు చదివితే చాలు. ఆట నడిపించే గేమ్ మాస్టర్ మాత్రం అయిదుగురు ఆటగాళ్లు తెచ్చిన అయిదు పుస్తకాలనూ చదివి, అవి ఒకదానితో ఒకటి పొసగుతాయో లేదో ఆట నడుస్తుండగానే తేల్చాలి. కాబట్టి నియమాల సప్లిమెంటు ఏడాదికి ఒకటి మించకూడదు.

మాయలఫకీరు:
పాతకోట గారూ, మీ లెక్కలో ప్రచురణకర్త ఎక్కడా కనిపించడం లేదు. మూల నియమాల పుస్తకాన్ని ఒక మనిషి ఒక్కసారే కొంటాడు. ఆ తరువాత రచయితలకు, చిత్రకారులకు ఇవ్వవలసిన డబ్బు ఎక్కడి నుంచి రావాలి? పైజో సంస్థ 2007లో అడ్వెంచర్ పాత్ పేరుతో నెలనెలా ఒక అడ్వెంచర్ (ఆడుకోవడానికి సిద్ధంగా రాసిన కథ) సంపుటం వేయడం మొదలుపెట్టి, చందాదారుల అండతో నిలదొక్కుకొని, 2009లో పాత్‌ఫైండర్ అనే సొంత ఆట నియమాలను తెచ్చింది. నెలకొక పుస్తకం వచ్చినందుకు అక్కడ ఎవరి ఆటా చెడిపోలేదు.

ఇరవైముఖాలు:
ఫకీరు గారు చెప్పిన ఉదాహరణ నిజమేగాని, అది అడ్వెంచర్లది. పాతకోట గారు మాట్లాడుతున్నది నియమాల గురించి. ఆడేసిన అడ్వెంచర్ ఖర్చయిపోతుంది, ఆ బృందానికి మరొకటి కావలసి వస్తుంది. నియమాలు అలా ఖర్చు కావు, పేరుకుపోతాయి. కాల్ ఆఫ్ క్తులూ అనే హారర్ ఆట 1981లో వచ్చింది. 2014 నాటి ఏడవ ఎడిషన్ వరకు దాని మూల నియమాలు పెద్దగా మారలేదు. సప్లిమెంట్లలో సింహభాగం సినేరియోలే (అడ్వెంచర్లే) కావడంతో, 1984లో వచ్చిన మాస్క్స్ ఆఫ్ న్యార్లథోటెప్ అనే సినేరియో పుస్తకాన్ని 2018లో సవరించి మళ్లీ వేసినా కొనేవారు కొన్నారు. నలభై ఏళ్లుగా పుస్తకాలు వస్తూనే ఉన్నా, కొత్తగా చేరిన కీపర్‌కు (ఆ ఆటలో గేమ్ మాస్టర్‌కు) మూల గ్రంథం ఒక్కటే సరిపోతుంది. అందువల్ల ఎంత తరచుగా అన్న ప్రశ్నకు ముందు, ఎలాంటి పుస్తకం అని అడగాలి.

ఇలాంటి చర్చలో ఎవరో ఒకరు డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ను మొదట ప్రచురించిన టీఎస్‌ఆర్ పేరు తప్పక తెస్తారు గనుక ఆ మాట కూడా చెప్పేస్తాను. 1989లో స్పెల్‌జామర్, 1990లో రావెన్‌లాఫ్ట్, 1991లో డార్క్ సన్, 1994లో ప్లేన్‌స్కేప్, 1995లో బర్త్‌రైట్ అనే సెట్టింగ్‌లు (ఆట జరిగే కల్పిత ప్రపంచాలు) వచ్చాయి. ఒక్కొక్కదానికి విడివిడిగా సప్లిమెంట్లు వెలువడ్డాయి. ఒక సెట్టింగ్‌ను ఆడేవారు తక్కినవాటిని కొనకపోవడంతో ఉన్న పాఠకులే ముక్కలు ముక్కలుగా విడిపోయారు. 1997లో సంస్థ విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అనే మరో సంస్థ చేతికి వెళ్లింది. అయితే పుస్తకాల పంపిణీదారు నుంచి అమ్ముడుపోని సరుకు పెద్ద ఎత్తున తిరిగిరావడం కూడా ఆ పతనానికి కారణమే కాబట్టి, ఎక్కువ సప్లిమెంట్లు వేస్తే సంస్థ మునుగుతుందని ఈ ఒక్క చరిత్రతో రుజువు చేయలేము.

కొత్తశిష్యుడు:
నేను గేమ్ మాస్టర్‌ను కాను, ఆటగాడిని మాత్రమే. పెద్దలు నన్ను మన్నించాలిగాని, ప్రచురణకర్త నిదానించినంత మాత్రాన సప్లిమెంట్లు తగ్గుతాయా? 2000లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ నియమాలను బయటివారూ వాడుకోనిచ్చే ఓపెన్ గేమ్ లైసెన్స్ వచ్చినప్పటి నుంచి ఇతరులు కూడా నియమాలు రాసి అమ్ముతున్నారు. 2016లో డీఎమ్స్ గిల్డ్ అనే ఆన్‌లైన్ అంగడి తెరుచుకున్నాక ఎవరైనా తమ సబ్‌క్లాస్‌ను అక్కడ అమ్మకానికి పెట్టవచ్చు. అధికారిక పుస్తకం కనీసం ఆడి పరీక్షించిన తరువాత వస్తుంది. అది రాని చోట నాలాంటివాడు పరీక్షించని పీడీఎఫ్‌ను తెచ్చి గేమ్ మాస్టర్ ముందు పెడతాడు. ఇక పుస్తకాలు చదివే భారం అంటారా, పాత్‌ఫైండర్ నియమాలన్నీ ఆర్కైవ్స్ ఆఫ్ నీథిస్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా, వెతుక్కోవడానికి వీలుగా ఉన్నాయి కదా?

పాతకోట:
వెతకడం సులువైనంత మాత్రాన పొసగడం సులువు కాదు. 3.5 నాటి పన్-పన్ అనే కోబోల్డ్ (చిన్న సరీసృప జాతి ప్రాణి) గురించి వినే ఉంటారు. 2004లో ఫర్‌గాటెన్ రియల్మ్స్ అనే సెట్టింగ్ కోసం వచ్చిన ఒక సప్లిమెంట్‌లో సర్రుఖ్ అనే ప్రాణికి ఇతర సరీసృపాల రూపాన్ని మార్చే శక్తిని ఇచ్చారు. ఆ ఒక్క వాక్యాన్ని వేరే పుస్తకాల్లోని నియమాలతో జతచేసి, అతి బలహీనమైన కోబోల్డ్‌కు అంతులేని శక్తి రావచ్చని అభిమానులు నిరూపించారు. దానిని నిజంగా ఆడినవారెవరూ ఉండరు, అది మేధావుల వినోదం. అయినా, విడివిడిగా నిర్దోషంగా కనిపించే పుస్తకాలు కలిసినప్పుడు ఏమవుతుందో దానిని చూస్తే తెలుస్తుంది. పుస్తకాలు పెరిగే కొద్దీ జతలు అంతకంటే వేగంగా పెరుగుతాయి, వాటన్నిటినీ పరీక్షించడం ఏ సంస్థకూ సాధ్యం కాదు.

ఇరవైముఖాలు:
అందుకు విడుదలను ఆపనవసరం లేదు, వాడకానికి హద్దు పెడితే చాలు. అయిదవ ఎడిషన్ అడ్వెంచరర్స్ లీగ్‌లో (అధికారికంగా నడిపే ఆటల్లో) కొన్నేళ్లపాటు ఆ పద్ధతే ఉండేది: ఒక క్యారెక్టర్‌కు ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ (మూల నియమాల పుస్తకం), దానికి తోడు మరొక్క పుస్తకం. శిష్యుడు గారు కోరుకున్న వైవిధ్యం ఉంటుంది, మూడు పుస్తకాల జత మాత్రం పుట్టదు. ఇలాంటి హద్దును మూల పుస్తకంలోనే రాసిపెట్టి, అడ్వెంచర్లను, రాక్షసుల పుస్తకాలను నెలకొకటి వేసుకున్నా నాకు అభ్యంతరం లేదు.

మాయలఫకీరు:
వినడానికి బాగుంది, అమ్మడానికి కాదు. అడ్వెంచర్‌ను ఒక బృందంలో గేమ్ మాస్టర్ ఒక్కడే కొంటాడు. తక్కిన నలుగురైదుగురు డబ్బు పెట్టేది కొత్త క్లాసులు, కొత్త ఫీట్లు (పాత్రల ప్రత్యేక నైపుణ్యాలు) ఉన్న పుస్తకానికే. చందాదారులున్న పైజో కూడా అడ్వెంచర్ పాత్‌తో ఆగకుండా, పక్కన ఆటగాళ్ల పుస్తకాలను వరుసగా వేసింది. ఒక క్యారెక్టర్‌కు మరొక్క పుస్తకమే చెల్లుతుందని మూల గ్రంథంలో అచ్చువేస్తే, రెండో సప్లిమెంటును ఆ ఆటగాడు ఎందుకు కొంటాడో ఇరవైముఖాలు గారు చెప్పాలి.