బంగాళాఖాతం కబురు 13 దేశాలకు పంపుతున్నాం సరే, మా రేవు సంగతేంటి?

వైనతేయ గట్టు:

మొంథా తుఫాను పోయిన దగ్గర్నుంచీ అడగాలనుకుంటున్నాను. 2025 అక్టోబరు 28 రాత్రి అది నరసాపురం దగ్గర తీరం దాటింది. పేరు పెట్టింది థాయ్‌లాండ్. ఢిల్లీలోని మన వాతావరణ కేంద్రం ఇచ్చే తుఫాను అంచనాలు థాయ్‌లాండ్ నుంచి యెమెన్ దాకా, పాకిస్తాన్‌తో సహా, మనతో కలిపి 13 దేశాలకు వెళ్తాయి. సునామీ హెచ్చరికలు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ నుంచి హిందూ మహాసముద్రం చుట్టూ ఉన్న దేశాలకు పోతాయి. ఉపగ్రహాలు మనవి, ఓడలు మనవి, ఖర్చు మన పన్నులు.

మా రేవులో తుఫాను షెల్టరు మీది మైకు మూగబోయి ఎన్నాళ్లయిందో ఎవరికీ గుర్తు లేదు. పోర్టులో ప్రమాద సూచిక ఎగరేశారన్న సంగతి, ఎవరో టీవీ తెరను ఫోటో తీసి వాట్సాప్‌లో పెడితే తెలిసింది. అందుకే సూటిగా అంటున్నాను. బయటి దేశాల కోసం పెట్టే ఖర్చు తగ్గించి ముందు రేవుల్లో పెట్టాలి. కాదనేవాళ్లు చెప్పండి.

లెక్కల మాస్టారు:

నేను కాదంటానండీ. మీరు ఇస్తున్నదే రాశారు, పుచ్చుకుంటున్నది వదిలేశారు.

2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. అది మొదలైంది ఎక్కడనుకున్నారు? థాయ్‌లాండ్ సింధుశాఖలో. మలయా ద్వీపకల్పం మీదుగా అండమాన్ సముద్రంలోకి వచ్చి, తర్వాత బలపడింది. మన తీరంలోని రాడార్లకు కనిపించేది చివరి కొన్ని వందల కిలోమీటర్లే. అంతకుముందు కథ తెలియాలంటే ఉపగ్రహాలతో పాటు ఆ దేశాల స్టేషన్లు పంపే గాలి, పీడనం వివరాలు కావాలి.

2004 డిసెంబరు 26 సంగతి చూడండి. సుమత్రా దగ్గర భూమి కదిలాక అల మన తూర్పు తీరానికి రావడానికి రెండు గంటలకు పైనే పట్టింది. పసిఫిక్‌లో దేశాలు కలిసి నడిపే హెచ్చరిక ఏర్పాటు 1960ల నుంచే ఉంది. మన వైపు లేదు. అంత టైము ఉండి కూడా ఇక్కడ ఎవరికీ కబురు అందలేదు. ఇన్‌కాయిస్‌లో సునామీ కేంద్రం వచ్చింది 2007లో. ఇప్పుడు ఇండియా, ఇండోనేషియా, ఆస్ట్రేలియా మూడూ ఈ పని చేస్తున్నాయి. ఒకచోట సిస్టమ్ ఆగినా మిగతా రెండూ ఉంటాయి.

అసలు విషయం తుఫానుకు బలమిచ్చే నీటి లోపలి వేడి. వరద రోజుల్లో ఎర్రనీరు ఏరు సముద్రంలో కలిసే మొగ దాటి ఎంత దూరం పోతుందో మనవాళ్లకు ఒకరు చెప్పాలా? మంచినీరు తేలిక, ఉప్పునీటి మీద పొరలా పరుచుకుంటుంది. గంగ, బ్రహ్మపుత్ర, ఇరావతి, మహానది, గోదావరి అన్నీ పోసే నీళ్లతో బంగాళాఖాతం పైభాగం చాలావరకు ఇలాగే ఉంటుంది. మామూలుగా తుఫాను సముద్రాన్ని చిలికితే అడుగునున్న చల్లటి నీళ్లు పైకొస్తాయి, దాంతో తుఫాను కొంత నీరసిస్తుంది. ఇక్కడ ఈ పొర వాటిని తేలిగ్గా పైకి రానివ్వదు. ఉపగ్రహం కొలిచేది పైపైన వేడిని మాత్రమే. లోపల ఎంత వేడి, ఎంత ఉప్పు అన్నది ఆర్గో అనే తేలియాడే పరికరాలు చెప్పాలి. అవి పది రోజులకోసారి 2,000 మీటర్ల లోతు నుంచి కొలుచుకుంటూ పైకొచ్చి, ఉపగ్రహానికి కబురు పంపి మళ్లీ మునుగుతాయి. ప్రపంచం మొత్తం మీద దాదాపు 4,000 ఉన్నాయి, అందులో సగం దాకా అమెరికావి. ఆ వివరాలు ఎవరైనా ఫ్రీగా తీసుకోవచ్చు. ఇవన్నీ మనమే వేసుకోవాలంటే మీ రేవు మైకుకు పైసా మిగలదు.

యానాం బుల్లోడు:

దేశాల సహకారం తర్వాత మాట్లాడుకుందాం గానీ, ముందు ఎదుర్లంకకూ మా యానానికీ కుదర్చండి బాబూ. మాది పుదుచ్చేరి, ఏటికి అవతల ఆంధ్రా. గౌతమి మాత్రం ఒకటే, ఉప్పెన వస్తే ఇద్దరినీ ముంచుతుంది.

సరంగు_కాకినాడ:

మాస్టారూ, మీరు చెప్పినవన్నీ నిజమే. నేను సోనా బోటు మీద, అంటే వేటకెళ్లే పెద్ద ఇంజన్ బోటు మీద పోయేవాణ్ని. ఒడ్డు నుంచి పది పన్నెండు కిలోమీటర్లు దాటితే ఫోన్‌కు సిగ్నల్ ఉండదు. పెద్ద ఓడల్లో తుఫాను వార్త ఉపగ్రహం నుంచి దానంతటదే వచ్చేస్తుంది, అది అంతర్జాతీయ రూలు. అంటే సింగపూర్ పోయే ఓడ కెప్టెనుకు మన తుఫాను సంగతి నాకంటే ముందు తెలుస్తుందన్నమాట!

1996 నవంబరు 6 గురించి భైరవపాలెం, బలుసుతిప్ప వాళ్లను అడగండి. కోనసీమ తుఫానులో వెయ్యి మందికి పైగా పోయారు, వేటలో ఉన్నవాళ్లు ఎంతోమంది తిరిగి రాలేదు. తుఫాను కబురు ఒడ్డున ఉంది. సముద్రం మీదున్నవాడికి చెప్పే దారే లేదు.

ఇప్పుడు కుర్రాళ్లు ఫోన్లో విండీ అనే వాతావరణం యాప్ తెరిచి, ఆకుపచ్చ రంగుంటే పోదాం, ఎరుపుంటే ఆగుదాం అంటున్నారు. తెల్లవారుజామున డీజిల్, ఐసు ఎక్కించుకుంటూ జెట్టీ మీద అందరి చేతుల్లో అదే.

లెక్కల మాస్టారు:

ఆ విండీలో మొదట కనిపించేది యూరప్ దేశాలు కలిసి నడిపే కేంద్రం అంచనా. అది బతికేదే ఇచ్చిపుచ్చుకోవడం మీద. మన ఓషన్‌శాట్-2 సముద్రం మీది గాలులను కొలిచి పంపితే అమెరికా, యూరప్ వాళ్లు వాడుకున్నారు. వాళ్ల అంచనా ఇప్పుడు మన కుర్రాడి చేతిలో ఉంది. కాకపోతే అది సముద్రాన్ని గడులుగా విడగొట్టి లెక్కేస్తుంది, ఒక్కో గడి తొమ్మిది కిలోమీటర్లు. పోటు తగ్గి నీరు బయటికి లాగుతుంటే ఎదురుగా అల వచ్చినప్పుడు మొగలో లేచే కెరటం దానికి కనపడదు.

వైనతేయ గట్టు:

నేను మొత్తుకుంటున్నదీ అదే కదండీ! మా ఫైబర్ బోట్లు బోల్తా పడేది నడిసముద్రంలో కాదు, మొగలో. ప్రతి వరదకూ ఇసుక మేట చోటు మారుతుంది. నిన్న నడుం లోతున్నచోట ఇవాళ మోకాలి లోతు. ఏ దేశంతో ఒప్పందం చేసుకుంటే దాన్ని కొలిచి చెబుతారు?

లెక్కల మాస్టారు:

ఇసుక మేట మనమే కొలవాలి, అందులో వాదన లేదు. కానీ ఆ మేట మీద విరిగే అల ఎక్కడిది? గాలి లేదు, మబ్బు లేదు, సముద్రం మాత్రం పొంగుతుంది. కేరళ వాళ్లకు ఇది బాగా అలవాటు. దక్షిణాన ఎక్కడో అంటార్కిటికా వైపు రేగిన గాలివానకు పుట్టిన అల రోజుల తరబడి నడిచి వస్తుంది. అక్కడ మనకు స్టేషన్లు ఎన్నుంటాయి? అందరూ కలిసి కొలిస్తేనే ముందుగా తెలిసేది. చిన్న బోట్లు తిరగబడే ప్రమాదం ఎక్కడుందో చెప్పే హెచ్చరికలు 2020 నుంచి ఇన్‌కాయిస్ ఇస్తోంది. అవి మీ రేవు దాకా రావడం లేదంటే, ఆ తగాదా మనకూ మన ఆఫీసులకూ మధ్య. థాయ్‌లాండ్‌ను ఎందుకు లాగుతారు?

కోరంగి మడ:

ఒక చేదు మాట కూడా ఉంది. గాలినీ నీటినీ కొలవడానికి సముద్రంలో లంగరేసి తేలేలా పెట్టిన రామా బోయ్‌ల విషయంలో 2008 నుంచి మనకూ అమెరికాకూ ఒప్పందం ఉంది. పరికరాలు ఎక్కువగా వాళ్లవి, వెళ్లి వేసి రావడానికి ఓడ మనది. వాటిని ఎక్కువగా పాడుచేస్తున్నది తుఫానులు కాదు, చేపల బోట్లు.

సరంగు_కాకినాడ:

బోయ్‌కు బోటు తాడు కడతారు, అందులో దాచేదేముంది? బోయ్ కింద నీడకు చిన్న చేప చేరుతుంది, దాని వెనక టూనా వస్తుంది. డీజిల్ కాల్చి రోజంతా వెతికేవాడికి అక్కడ చేప కనపడితే వదిలి పోతాడా? అది తన ప్రాణం కోసమే పెట్టారని వాడికి ఎవరూ చెప్పలేదు. ఆ బోయ్ కొలిచిన గాలి వాడి బోటులోకి తిరిగి వస్తే అప్పుడు వాడే కాపలా కాస్తాడు. బోటులో పెట్టే ఇస్రో పరికరం, ట్రాన్స్‌పాండర్ అయితే కొంత నయం. సిగ్నల్ లేనిచోట కూడా ఉపగ్రహం మీదుగా హెచ్చరిక వస్తుంది, ఆపదలో ఉంటే మనమూ కబురు పంపొచ్చు. దేశం మొత్తం మీద లక్ష బోట్లకు ఉచితంగా ఇస్తామన్నారు. ఇంజన్ లేని నావ మాత్రం ఆ లెక్కలోకి రాదు.

వైనతేయ గట్టు:

మా రేవులో తెడ్డు వేసేవాళ్లు ఇంకా ఉన్నారండీ. అందుకే నా మాట మీదే ఉన్నాను. బయటి దేశాలతో ఏ ఒప్పందం చేసుకున్నా అందులో రేవు వాటా ఎంతో రాసి పెట్టమనండి.

యానాం బుల్లోడు:

సరంగన్నా, ఆ ట్రాన్స్‌పాండర్‌కు మా యానాం బోట్లు ఎక్కడ అడగాలి? కాకినాడలోనా, పుదుచ్చేరి పోవాలా?

సరంగు_కాకినాడ:

మీ యానాం మత్స్యశాఖ ఆఫీసులోనే అడుగు తమ్ముడూ. బోటు రిజిస్ట్రేషన్ కాగితం పట్టుకెళ్లు, లేకపోతే రేపు రమ్మంటారు.