బీచ్ ఉన్న ఊరికి మారదామనుకుంటున్నా: వులంగాంగా, గోల్డ్ కోస్టా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నాకు 25 ఏళ్లు, మాది భీమిలి. సిడ్నీలో మాస్టర్స్ అయింది, మూడు నెలల క్రితం ఒక చిన్న కంపెనీలో డేటా పని దొరికింది. ఆఫీసు సెంట్రల్ స్టేషన్ దగ్గర, వారానికి రెండు రోజులు వెళితే చాలు. ప్రస్తుతం వెంట్‌వర్త్‌విల్‌లో నలుగురం ఒకే ఇంట్లో ఉంటున్నాం. చిన్నప్పటి నుంచి సముద్రం పక్కనే పెరిగినవాణ్ణి, ఇక్కడికొచ్చాక బీచ్ మొహం చూసింది నాలుగైదు సార్లే. వయసులో ఉన్నప్పుడే అలాంటి ఊళ్లో ఉందామని ఆశ. బైరన్ బే, గోల్డ్ కోస్ట్, వులంగాంగ్, న్యూకాసిల్ అని రాసి పెట్టుకున్నాను. కారు లేదు. 485 వీసా (చదువయ్యాక పని చేసుకోవడానికి ఇచ్చేది) ఇంకో ఏడాదిన్నర ఉంది, తర్వాత 491 (పెద్ద నగరాల బయట, రీజనల్ ప్రాంతాల్లో ఉండేవాళ్లకిచ్చే వీసా) ఆలోచన. "ఒక్కడివే అంత దూరం ఎందుకురా, మనవాళ్లున్న చోటే ఉండు" అని అమ్మ గొడవ. ఏ ఊరైతే బాగుంటుందో చెప్పగలరు.

వులంగాంగ్ నుంచి జవాబు

తమ్ముడూ, ముందు బైరన్ బే కొట్టెయ్. చూడ్డానికి చాలా బాగుంటుంది, అందులో అనుమానం లేదు. కానీ సిడ్నీకి 750 కిలోమీటర్ల పైమాట, సిడ్నీ రైలు అక్కడికి రావడం 2004లోనే ఆగిపోయింది, అద్దెలేమో సిడ్నీతో పోటీ పడతాయి. వారానికి రెండు రోజుల ఆఫీసు పెట్టుకుని అక్కడ ఉండలేవు.

నేను ఈ తీరం మీదే తొమ్మిదేళ్లుగా ఉంటున్నాను. మొదట తీసుకున్న ఊరు తప్పు ఊరు. పేరు చెప్పను, ఆ ఊరివాళ్లు ఈ గ్రూపులోనూ ఉన్నారు. జనవరిలో చూడ్డానికి వెళ్లాను. రాత్రి పదింటికి కూడా వీధి నిండా జనం, ఐస్‌క్రీం కొట్ల ముందు వరుసలు, ఎక్కడో గిటార్ మోత. ఇక ఇదే మన ఊరు అనుకుని పది నెలల లీజు మీద సంతకం పెట్టేశాను. జూన్ వచ్చేసరికి సగం కొట్లు మూడింటికే షట్టర్ దించేవి. సాయంత్రం ఆరు దాటితే బస్సు లేదు. కేఫ్‌లో పనిచేసే నా రూమ్మేట్‌కి వారానికి ఇచ్చే గంటలు 30 నుంచి 11కి పడ్డాయి. నవంబరు ఆఖరున లీజు అయిపోగానే ఓనర్ పొడిగించనన్నాడు, వేసవి సెలవులకు వచ్చేవాళ్లకి వారం లెక్కన ఇస్తే అతనికి ఎన్నో రెట్లు వస్తుంది మరి. పది నెలల లీజు ఎందుకిచ్చాడో అప్పుడు అర్థమైంది. ఒళ్లో కుక్కర్ పెట్టుకుని స్నేహితుడి కారులో ఊరు దాటాను.

అందుకే నీ నాలుగు ఊళ్లలో దేన్నయినా సరే, చలికాలంలో ఒక మంగళవారం సాయంత్రం ఏడింటికి వెళ్లి చూడు. ఏం తెరిచి ఉంది, బస్సు ఎన్నింటి దాకా ఉంది, వీధిలో నీ వయసువాళ్లు ఎవరైనా కనిపిస్తున్నారా. టూరిస్టులు లేకపోయినా ఆ ఊరికి బతుకుతెరువు ఉందా అన్నది అప్పుడే తెలుస్తుంది.

వులంగాంగ్‌కి ఉంది. యూనివర్సిటీ ఉంది, పెద్దాసుపత్రి ఉంది, పోర్ట్ కెంబ్లాలో ఉక్కు ఫ్యాక్టరీ ఉంది. బీచ్‌లో నిలబడి దక్షిణం వైపు చూస్తే ఫ్యాక్టరీ పొగ గొట్టాలు, సముద్రంలో లంగరేసి వంతు కోసం చూసే ఓడలు. ఫోటో అందం చెడిందని కొందరు మొహం చిట్లిస్తారు. నాకైతే విశాఖలో గాజువాక వైపు చూస్తున్నట్టే ఉంటుంది, నీకూ అంతే అనుకుంటా. సూర్యుడు కూడా మనకి అలవాటైనట్టే సముద్రంలోంచే లేస్తాడు.

సిడ్నీ నుంచి 80 కిలోమీటర్లు, సెంట్రల్‌కి రైలు సుమారు గంటన్నర. ఓపల్ కార్డుకి (రైలు, బస్సు టికెట్ కార్డు) వారానికి 50 డాలర్ల పరిమితి ఉంది, నీ రెండు రోజులకి అంత కూడా కాదు. సిడ్నీ నుంచి వచ్చేటప్పుడు ఎడమవైపు కూర్చో. ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం, మధ్యలో రైలు పాకుతూ వస్తుంది. అదే దాని బాధ కూడా. గట్టి వాన పడితే కొండచరియల భయంతో లైన్ ఆపేస్తారు, ట్రాక్ పని ఉన్న శని ఆదివారాల్లో బస్సులు వేస్తారు. ఆఫీసు రోజులు మార్చుకునే వీలుందేమో మీ మేనేజర్‌ని ముందే అడుగు.

ఇల్లు: థిరూల్, ఆస్టిన్‌మర్ ముచ్చటగా ఉంటాయి, స్టేషన్ నుంచి బీచ్‌కి నడిచి వెళ్లొచ్చు, కానీ ఖరీదు. ఒక్కడివే కాబట్టి ఫెయిరీ మెడో, గ్విన్‌విల్ వైపు షేరింగ్ చూడు. యూనివర్సిటీకి, ఆసుపత్రికి, స్టేషన్‌కి తిరిగే గాంగ్ షటిల్ బస్సు ఉచితం, కారు లేని లోటు చాలావరకు తీరుతుంది. ఇంకా తక్కువలో కావాలంటే వారావాంగ్, పోర్ట్ కెంబ్లా. అద్దె వారం లెక్కన చెబుతారని నీకు తెలిసే ఉంటుంది, బాండ్ (అడ్వాన్సు) నాలుగు వారాల అద్దె.

ఒక్కటి మాత్రం ఎవరూ చెప్పరు. ఇక్కడికి వచ్చిన కొత్తలో తూర్పు వాకిలి ఉందని మురిసిపోయి ఒక ఇల్లు తీసుకున్నాను, వీడియో కాల్‌లో చూసి నాన్న కూడా సరేనన్నారు. నా పడకగది దక్షిణం వైపు. ఇక్కడ సూర్యుడు ఉత్తరం మీదుగా తిరుగుతాడు, ఆ గదికి ఏడాది పొడుగునా ఎండ పొడ తగల్లేదు. ఆగస్టులో ఒక పెళ్లికి వెళదామని అలమర తీస్తే తడి గోనె వాసన. నా పట్టుపంచె మడతల మీద బూడిద రంగు చుక్కలు, వేలితో రాస్తే జిగురు. వెనక గోడంతా బూజు. ఏజెంట్‌కి ఫోటోలు పంపితే "కిటికీలు తెరిచి ఉంచండి" అని ఒక్క ముక్క జవాబు. కాబట్టి ఇల్లు చూసేటప్పుడు వాస్తు తర్వాత, ఫోన్‌లో దిక్సూచి తీసి పడకగదికి ఉత్తరం ఎండ వస్తుందా చూడు. అలమరలో తల పెట్టి వాసన చూడు, మొహమాటపడకు.

అమ్మకి చెప్పు, దారిలోనే హెలెన్స్‌బర్గ్‌లో వెంకటేశ్వరస్వామి గుడి ఉందని. 1985లో కుంభాభిషేకం జరిగింది. శని ఆదివారాల్లో క్యాంటీన్‌లో దోశ దొరుకుతుంది, నాలుగు తెలుగు మాటలూ వినిపిస్తాయి. చింతపండు, కందిపప్పు, మన బ్రాండు పచ్చళ్లు నీకు తెలిసిన వెంట్‌వర్త్‌విల్ కొట్ల నుంచే నెలకోసారి మోసుకో.

గోల్డ్ కోస్ట్ నుంచి జవాబు

అన్నగారు రాసింది బాగానే ఉంది, కానీ నీళ్ల సంగతి ఎత్తలేదు! అక్కడ ఆగస్టులో వెట్‌సూట్ లేకుండా దిగితే పళ్లు కొట్టుకుంటాయి. ఇక్కడ చలికాలంలోనూ మధ్యాహ్నం దిగొచ్చు. 2024 ఆగస్టు నుంచి క్వీన్స్‌లాండ్‌లో బస్సు, రైలు, ట్రామ్ ఏదెక్కినా 50 సెంట్లే, మొదట ఆరు నెలలకని పెట్టి తర్వాత శాశ్వతం చేశారు. బ్రిస్బేన్ రైలు దిగి హెలెన్స్‌వేల్‌లో ట్రామ్ ఎక్కితే సర్ఫర్స్ ప్యారడైజ్, బ్రాడ్‌బీచ్ దాకా వెళ్లిపోవచ్చు. కారు లేకుండా నేను నాలుగేళ్లు ఇలాగే గడిపాను.

అయినా తమ్ముడూ, నీకు ఈ ఊరు చెప్పను. సిడ్నీ ఆఫీసుకి ప్రతి వారం విమానం ఎక్కుతావా? పూర్తిగా ఇంటి నుంచే పని ఇస్తేనో, బ్రిస్బేన్‌లో ఉద్యోగం దొరికితేనో రా. ఇక్కడ దొరికే పనుల్లో హోటళ్లు, రెస్టారెంట్లు ఎక్కువ, వాటిలో శని ఆదివారాలు మనవి కావు. నవంబరులో స్కూల్ అయిపోయిన పిల్లలంతా స్కూలీస్ అంటూ దిగుతారు, ఆ రోజుల్లో సర్ఫర్స్ ప్యారడైజ్‌లో నిద్ర మీద ఆశ వదులుకోవాలి. 2025 మార్చిలో ఆల్ఫ్రెడ్ తుఫాను వచ్చి వెళ్లాక ఒకరోజు పొద్దున్నే నడవడానికి పోతే మా మెట్ల కింద బీచే లేదు. ఇసుక మనిషి ఎత్తున గోడలా కోసుకుపోయింది. మెట్లు గాల్లో ఆగిపోయి ఉన్నాయి. మెల్లిగా మళ్లీ ఇసుక చేరిందనుకో.

జీలాంగ్ వైపు నుంచి జవాబు

విక్టోరియా అడగలేదు గానీ ఒక మాట. మెల్‌బోర్న్ ఉద్యోగం వస్తే జీలాంగ్ చూడండి. రైలు గంట, అదే లైన్‌లో దారిలో మెల్‌బోర్న్ శివారు టార్నీట్. అక్కడ తెలుగువాళ్లకీ, తెలుగు కొట్లకీ కొదవే లేదు. టార్కీ బీచ్ అద్భుతం, రిప్ కర్ల్, క్విక్‌సిల్వర్ అనే సర్ఫింగ్ బ్రాండ్లు రెండూ 1969లో పుట్టింది అక్కడే, కానీ రైలు లేదు. ఈ చలి మాత్రం మీ భీమిలి ఒంటికి పడదని నా అనుమానం.

అడిగినవారు

అందరికీ చాలా థాంక్స్. బైరన్ కొట్టేశాను. రీజనల్ పాయింట్ల కోసం గోల్డ్ కోస్టే మంచిదని మా రూమ్మేట్ అంటున్నాడు, వులంగాంగ్ కూడా రీజనలేనా? ఇంకోటి, నాకు ఈత వచ్చు, భీమిలిలో నేర్చుకున్నదే. మరి న్యూకాసిల్ ఎవరూ చెప్పలేదేం?

న్యూకాసిల్ నుంచి జవాబు

నేను చెప్తా. ఊరు నంబర్ వన్. ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ బొగ్గు ఎగుమతి చేసే పోర్టు, జాన్ హంటర్ ఆసుపత్రి, యూనివర్సిటీ, అన్నీ ఉన్నాయి. మెరివెదర్ బాత్స్ అని సముద్రపు నీళ్లతో 1935లో కట్టిన పెద్ద కొలను ఉంది, ఉచితం. పొద్దున డ్యూటీ దిగి నేరుగా అక్కడికే పోతాను. కానీ సిడ్నీకి రైలు రెండున్నర గంటల పైనే. వారానికి రెండుసార్లు వెళ్లి రావాలంటే మూడో నెలకి విసుగొస్తుంది. ఇక్కడే ఉద్యోగం దొరికాక రా.

వులంగాంగ్ నుంచి మళ్లీ

వీసా సంగతి. 2019 నవంబరు నుంచి సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ తప్ప మిగతా దేశమంతా రీజనలే. వులంగాంగ్, న్యూకాసిల్, గోల్డ్ కోస్ట్, జీలాంగ్ అన్నీ అందులోకే వస్తాయి, కాబట్టి దాని కోసం క్వీన్స్‌లాండ్ పరిగెత్తక్కర్లేదు. 491కి రాష్ట్ర ప్రభుత్వ నామినేషన్ వస్తే వీసా లెక్కలో 15 పాయింట్లు, మూడేళ్లయ్యాక 191, అంటే శాశ్వత నివాసం. అయితే ఒక మెలిక ఉంది. 491 చేతికొచ్చాక ఉండటమే కాదు, పని చేయడం కూడా రీజనల్‌లోనే. సెంట్రల్ దగ్గర ఆఫీసుకి వెళ్లి వస్తూ 491 మీద ఉంటానంటే కుదరదు. ఈ ఏడాదిన్నరలోనే వులంగాంగ్‌లో ఉద్యోగం వెతుక్కోవాలి. రూమ్మేట్ మాట వదిలేసి రిజిస్టర్డ్ మైగ్రేషన్ ఏజెంట్‌కి ఒక గంట ఫీజు కట్టి అడుగు, పోస్ట్‌కోడ్ కూడా వాళ్లతోనే సరిచూసుకో.

ఇక ఈత వచ్చన్నావు చూడు, నాకు అక్కడే భయం వేసింది. 2024 జనవరిలో ఫిలిప్ ఐలాండ్‌లో ఒకే కుటుంబంలో నలుగురు మనవాళ్లు పోయారు, లైఫ్‌గార్డులు లేని బీచ్ అది. మనం వెళ్లగానే అలలు లేని చోటు వెతుక్కుంటాం, అక్కడైతే నీళ్లు నిదానంగా ఉన్నాయని. అలలు విరిగే తెల్లటి నురగ మధ్యలో ముదురు రంగులో, పైకి ప్రశాంతంగా కనిపించే ఆ పట్టీయే రిప్, లోపలికి లాగేసేది అదే. దొరికిపోతే ఒడ్డుకి ఎదురీదకు, ఒళ్లు వదిలేసి తేలుతూ చెయ్యెత్తు. కాపలా ఉన్న చోట పాతే ఎరుపు పసుపు జెండాల మధ్యే దిగు. ఏప్రిల్ ఆఖరు నుంచి సెప్టెంబరు దాకా వాలంటీర్ల కాపలా ఉండదు, జెండాలు లేవంటే ఒడ్డునే నడిచి రా. ఆస్టిన్‌మర్‌లో రాతి గట్టున రెండు రాక్ పూల్స్ (సముద్రపు నీళ్ల కొలనులు) ఉన్నాయి, మొదటి ఏడాది ఈత అక్కడ కొట్టు.

ఒంటరితనం గురించి అమ్మ బెంగపడుతోంది కాబట్టి ఇది కూడా: బీచ్ కాపలా కాసే వాలంటీర్ల సర్ఫ్ క్లబ్‌లో చేరి బ్రాంజ్ మెడాలియన్ (ప్రాణరక్షకుల) శిక్షణ తీసుకో. నేను 31వ ఏట చేరాను. ఆదివారం పొద్దున డ్యూటీ, తర్వాత సాసేజ్ బార్బెక్యూ. నేను శాకాహారిని, నా వంతు ఉల్లిపాయలు వేయించడం. నాకు ఈ ఊళ్లో ఉన్న స్నేహితుల్లో సగం మంది ఆ ఉల్లిపాయల దగ్గర పరిచయమైనవాళ్లే.

వచ్చే మంగళవారం ఆఫీసు లేకపోతే మధ్యాహ్నం రైలెక్కి రా. రెండు ఇళ్లు చూడ్డానికి టైం బుక్ చేసి పెడతాను. రాత్రి ఏడింటికి క్రౌన్ స్ట్రీట్ చూపించి, మా ఇంట్లో పప్పుచారు తిన్నాక స్టేషన్‌లో దింపుతాను. జాకెట్ తెచ్చుకో, సముద్రపు గాలి కోస్తుంది.