నీలగిరి తోటకు సర్టిఫికెట్ వస్తే అటవీ శాఖ అనుమతులు అక్కరలేదా?

ప్రశ్న: వంశధార_ఒడ్డు (గుణుపురం, రాయగడ జిల్లా)

వంశధారలో కలిసే ఒక గెడ్డ పక్కన మా కుటుంబానికి జిరాయితీ మెట్ట ఉంది. దాని ఎగువన, మా సవర పొరుగువారు తాతల నాటి నుంచి సాగు చేసుకుంటున్న కొండవాలు ఉంది. రెండు చోట్లా నీలగిరి వేశాం. కాగితపు మిల్లుకు కలప సేకరించేవారు ఈ మధ్య వచ్చి ఎఫ్‌ఎస్‌సీ (ఫారెస్ట్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్, అడవులను బాధ్యతగా నిర్వహించేందుకు ప్రమాణాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ) గ్రూపు సర్టిఫికెట్‌లో, అంటే పలువురు రైతులకు కలిపి ఇచ్చే దానిలో, చేరమని అడిగారు. మా తోటను రాసుకున్నారు కానీ, పట్టా లేదన్న కారణంతో పొరుగువారి తోటను వదిలేశారు. సర్టిఫికెట్ ఉంటే ట్రాన్సిట్ పర్మిట్ (కలప తరలించడానికి అటవీ శాఖ ఇచ్చే అనుమతి) వంటివి తప్పుతాయా? ఎవరి ఇష్టం మీద వారు చేరే ఇటువంటి ఏర్పాటు అడవిని నిజంగా కాపాడుతుందా, లేక ప్రభుత్వం చేయవలసిన పనిని కొనుగోలుదారుల చేతిలో పెట్టడమా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: మహేంద్రగిరి_నీడ (పర్లాకిమిడి)

తప్పవండీ. 1993లో ఏర్పడిన ఎఫ్‌ఎస్‌సీకి పది సూత్రాలున్నాయి, వాటిలో మొదటిదే తోట ఉన్న దేశపు చట్టాలను పాటించడం. కాబట్టి పర్మిట్ అవసరమైన చోట అది లేకుండా కలప తరలిస్తే, అటవీ శాఖ కేసుతో పాటు సర్టిఫికెట్‌కూ ముప్పు వస్తుంది. ఏ జాతి చెట్టుకు పర్మిట్ కావాలో, దేనికి మినహాయింపు ఉందో ఒడిశా 1980 రవాణా నిబంధనల ప్రకారం మీ రేంజ్ కార్యాలయంలోనే అడిగి తెలుసుకోండి. దళారి మాట మీద లారీ ఎత్తవద్దు.

అలాగని సర్టిఫికెట్ ఉత్త కాగితమని నేను అనను. మీ జిరాయితీలో గెడ్డ అంచు దాకా నీలగిరి వేసినా, ఏ పురుగుమందు కొట్టినా మామూలుగా ఏ అధికారీ వచ్చి చూడడు. తనిఖీకి వచ్చినవారు చూస్తారు. నా ఎదుటే ఒకాయన గట్టు దిగి, నీటి వైపు ఉన్న వరుసలు కొట్టాక మళ్లీ నాటవద్దని, అక్కడ వెదురును, నేరేడును పెరగనివ్వమని రైతుకు చెప్పి రాయించుకున్నారు. సర్టిఫికెట్ గడువు ఐదేళ్లు, ఏటా తనిఖీ ఉంటుంది. గ్రూపులో కొన్ని తోటలనే ఎంపిక చేసి చూస్తారు గనుక ఆ కన్ను అన్నిటి మీదా పడదు. అయినా ఆ మాత్రం కన్ను కూడా ఇంతకు ముందు లేదు.

అయితే ఇది చేరడానికి ఒప్పుకున్నవారిని మాత్రమే కట్టడి చేస్తుంది. మన ఒడిశాలోని నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వకం ఆగింది ఇలాంటి ఏ సర్టిఫికెట్ ముద్ర వల్లా కాదు. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నిర్ణయాన్ని గ్రామసభలకు వదిలింది, సభ జరిగిన పన్నెండు గ్రామాలూ వద్దన్నాయి. ఒప్పుకోనివారిని ఆపే బలం చట్టానికే ఉంది.

జవాబు: ప్రాణహిత_గోదావరి (సిరొంచ, గడ్చిరోలి జిల్లా)

పై జవాబుతో ఏకీభవిస్తాను కానీ, అసలు చిక్కు పొరుగువారి విషయంలో ఉంది. భూమి హక్కు రుజువైతేనే సర్టిఫికెట్ ఇస్తారు. హక్కును రాసిపెట్టవలసింది ప్రభుత్వం. అది తన పని చేయకపోతే నష్టపోయేది మిల్లు కాదు, తరాలుగా అక్కడే ఉంటున్న గిరిజన కుటుంబం. చట్టం చేసిన ఆలస్యాన్ని సర్టిఫికెట్ వారి మీద రెండోసారి రుద్దుతోంది. ఇది నాకు చాలా అన్యాయంగా తోస్తుంది.

మా జిల్లాలోని మెండా-లేఖా గ్రామానికి 2006 అటవీ హక్కుల చట్టం కింద 2009లో సామూహిక హక్కు వచ్చింది. వెదురు రవాణా పాసులు ఇచ్చే అధికారం గ్రామసభ చేతికి 2011లో అందింది. ముందు హక్కు, తరువాత అమ్మకం. వారికి దారి తెరిచింది చట్టమే.

అందుచేత పొరుగువారితో పల్లీసభలోని (ఒడిశాలో ఊరి సభ) అటవీ హక్కుల కమిటీకి దరఖాస్తు పెట్టించండి. అది అటవీ భూమి అయి, 2005 డిసెంబరు 13కు ముందు నుంచి వారి సాగులో ఉంటే, నాలుగు హెక్టార్లకు మించకుండా హక్కుపత్రం పొందవచ్చు. ఇంకొక హెచ్చరిక. వారి కలపను మీ పేరు మీద కలిపి తోలమని ఎవరైనా అడగవచ్చు. సాయంగానే కనిపిస్తుంది కానీ, సర్టిఫికెట్ ఉన్న కలపలో లేని కలప కలిసిపోతుంది. పట్టుబడితే మొదట నష్టపోయేది వారే.

జవాబు: కొరాపుట్_పాఠకుడు

ప్రభుత్వాలు ఈ ముద్రను తమ నిబంధనల్లోకి తెచ్చుకున్న సందర్భాలూ ఉన్నాయి. బొలీవియా 1996 అటవీ చట్టం ప్రభుత్వ తనిఖీకి బదులుగా సర్టిఫికెట్‌ను అంగీకరించింది. గ్వాటెమాలాలోని మాయా జీవావరణ రిజర్వులో అడవిని నిర్వహించే సంఘాలు దాన్ని పొందితీరాలని షరతు పెట్టారు. అడవులు నరికి తయారైన సరుకులను అడ్డుకునే ఐరోపా సమాఖ్య 2023 నిబంధన మాత్రం సర్టిఫికెట్‌ను సమాచారంగా చూడవచ్చు గానీ, వ్యాపారి బాధ్యత దానితో తీరదని స్పష్టం చేసింది. నాకు ఈ మూడో పద్ధతే సరైనదిగా అనిపిస్తుంది. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2023 డిసెంబరులో భారతీయ అటవీ, కలప ధ్రువీకరణ పథకాన్ని ప్రారంభించింది. అడవి వెలుపలి చెట్లకూ అందులో చోటుంది. అందులోనూ చేరాలా వద్దా అన్నది మన ఇష్టమే.

వంశధార_ఒడ్డు:

అందరికీ కృతజ్ఞతలు. మా తోటను గ్రూపులో ఉంచుతాను, గెడ్డ అంచున మళ్లీ నీలగిరి నాటను. పొరుగువారి దరఖాస్తుకు సాగు ఆధారాలుగా పెద్దల వాంగ్మూలం, భూమిలోని పాత రాతిగట్లు, సమాధులు చూపితే సరిపోతుందా? సిరొంచవారు చెప్పగలరా?

ప్రాణహిత_గోదావరి:

అవి నిబంధనల్లో అంగీకరించిన ఆధారాలే. వాంగ్మూలం రాతపూర్వకంగా ఉండాలి. కమిటీ స్థలం చూడటానికి వచ్చే రోజున అటవీ శాఖ, రెవెన్యూ సిబ్బందికీ ముందుగా తెలియజేయమనండి. దరఖాస్తు ఇచ్చినట్టు రాతపూర్వక రసీదు తప్పకుండా తీసుకోమని చెప్పండి.