చుక్కికి టిక్ ఫీవర్: ఈ రోజులను ఎలా గడపాలో చెప్పండి

ప్రశ్న: కృష్ణలంక నివాసి, విజయవాడ

అందరికీ నమస్కారం. మా చుక్కికి ఆరేళ్లు. నుదుటి మీద తెల్లటి చుక్కతో పుట్టిన లాబ్రడార్ మిశ్రమ జాతి ఆడకుక్క, బరువు 24 కిలోలు. గత శనివారం వరకు ఉదయం ఐదు గంటలకు మా నాన్నగారి వెంట కృష్ణ కరకట్ట మీద నడకకు వెళ్లి, తిరిగి వచ్చి, పెరుగన్నం తిని గుమ్మంలో పడుకునేది. ఆదివారం అన్నం ముట్టలేదు. ఎండదెబ్బ తగిలిందనుకున్నాను. ఒళ్లు కాలిపోతోందని ఇంట్లో ఉన్న పారాసిటమాల్ 500 మాత్రలో సగం నీళ్లలో కలిపి నేనే పట్టించాను. మర్నాడు దగ్గరలోని క్లినిక్‌కు తీసుకువెళితే వేసవి జ్వరమని చెప్పి ఇంజెక్షన్ ఇచ్చి పంపించారు. మంగళవారం రాత్రి చుక్కి ముక్కులోంచి రక్తం కారి గచ్చు మీద బొట్లుబొట్లుగా పడింది. పొట్ట కింద చర్మమంతా గుండుసూది మొనలంత ఎర్రటి మచ్చలు కనిపించాయి.

బుధవారం వేరే ఆసుపత్రిలో రక్తపరీక్ష చేయించాం. ప్లేట్‌లెట్లు 18,000, హిమోగ్లోబిన్ 5.8 ఉన్నాయి. పిడుదుల వల్ల వచ్చే ఎర్లీకియా జ్వరమని పరీక్షలో తేలింది. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టి, సెలైన్ ఎక్కించి, రక్తం ఎక్కించవలసి రావచ్చని, పరిస్థితి విషమంగా ఉందని, ఏదైనా జరగవచ్చని చెప్పారు. రాత్రికి ఇంటికి తీసుకువెళ్లి పొద్దున్నే మళ్లీ తీసుకురమ్మంటున్నారు.

మే నెలలో బంధువుల పెళ్లికని పది రోజులు ఊరికి వెళ్లి, చుక్కిని కుక్కలను ఉంచుకునే చోట వదిలిపెట్టాం. తిరిగి వచ్చాక దాని చెవుల లోపల పిడుదులు కనిపిస్తే నాన్నగారు కూర్చుని ఒక్కొక్కటే తీసేశారు. అంతటితో సరిపోయిందని అనుకున్నాం. ఇప్పుడు ఆ పది రోజులే నా కళ్ల ముందు తిరుగుతున్నాయి. మా అమ్మ పోయిన ఈ రెండేళ్లలో నాన్నగారికి ఇంట్లో తోడు చుక్కే. ఆయన ఇప్పటికీ ఐదింటికే లేచి, చొక్కా వేసుకుని, చుక్కి పక్కన నేల మీద కూర్చుంటున్నారు తప్ప సరిగా తినడం లేదు. తొమ్మిదేళ్ల మా పాప రోజూ అడుగుతోంది. చుట్టాలు కొందరు కుక్క కోసం ఇంత ఖర్చెందుకు అంటున్నారు. ఇలాంటి రోజులను దాటినవారు ఎలా దాటారో, నేను చేసిన పొరపాటు ఎంతటిదో, ఎంతవరకు ప్రయత్నించాలో దయచేసి చెప్పండి.

మొదటి సమాధానం: ఓరుగల్లు పాఠకుడు

అమ్మా, మీరు రాసింది చదువుతుంటే మూడేళ్ల కిందటి మా ఇల్లే కనిపించింది. మా జర్మన్ షెపర్డ్‌కు ఇదే జ్వరం వచ్చింది, ప్లేట్‌లెట్లు 11,000కు పడిపోయాయి. అది బతికింది. ఈ ఉదయం కూడా పాలవాడిని చూసి అరిచింది. కాబట్టి ఆ అంకె ఒక్కటే చూసి ఆశ వదులుకోవద్దని ముందుగా చెబుతున్నాను.

రక్తం కోసం ఇప్పుడే వెతకడం మొదలుపెట్టండి. మా డాక్టరు చెప్పినప్పుడు రాత్రి తొమ్మిదయింది, ఎవరిని అడగాలో తెలియక మేం ఒక రాత్రంతా పోగొట్టుకున్నాం. రక్తం ఇచ్చే కుక్క 25 కిలోలకు మించి, ఆరోగ్యంగా, టీకాలన్నీ వేయించుకుని, ఎనిమిదేళ్ల లోపు ఉండాలని మాకు చెప్పారు. మీ నాన్నగారు రోజూ కరకట్ట మీద నడుస్తారు కదా, అక్కడికి పెద్ద కుక్కలతో వచ్చేవాళ్లు ఆయనకు తప్పకుండా తెలిసి ఉంటారు. అడగమనండి. అడగడానికి మొహమాటపడవలసిన విషయం కాదిది. మీకు గన్నవరంలో పశువైద్య కళాశాల కూడా ఉంది, అక్కడ విచారించండి.

ఇంట్లో మాత్రం మెత్తని ఆహారమే పెట్టండి. చిగుళ్ల నుంచి రక్తం రావచ్చు కనుక ఎముకలు, గట్టి బిస్కెట్లు వద్దు. మెట్లు ఎక్కనివ్వకండి. మా ఇంట్లో నేను, మా తమ్ముడు వంతులవారీగా రాత్రి మేలుకున్నాం. ఒక్కరే మేలుకుంటే రెండో రోజుకు మనిషి పనికిరాకుండా పోతాడు. చుట్టాల మాటకు మేం జవాబు చెప్పలేదు, చెప్పే ఓపిక కూడా అప్పుడు లేదు. ఖర్చు మీదే, కుక్క మీదే. చివరిదాకా వదలకండి.

రెండో సమాధానం: పశువైద్యురాలు

నేను ఇరవై ఏళ్లుగా కుక్కలకు, పిల్లులకు వైద్యం చేస్తున్నాను. చుక్కిని చూడలేదు కనుక దాని చికిత్సను నిర్ణయించవలసింది మీ డాక్టరే. అయితే మీరు అడిగినవాటిలో కొన్నిటికి నేను స్పష్టంగా జవాబు చెప్పగలను.

ముందుగా మాత్ర సంగతి. 24 కిలోల కుక్కకు 500 మిల్లీగ్రాముల మాత్రలో సగం ఒక్కసారి ఇచ్చినందువల్ల ముక్కులోంచి రక్తం కారదు, ప్లేట్‌లెట్లు ఇంతగా పడిపోవు. ఆ భారం మీరు దించుకోండి. ఇకముందు మాత్రం మనుషుల మందులు ఇవ్వకండి. ఐబూప్రొఫెన్, ఆస్పిరిన్ వంటివి ఈ స్థితిలో ఇచ్చి ఉంటే రక్తస్రావం ఇంకా పెరిగేది. పిల్లికైతే పారాసిటమాల్ కొంచెమైనా ప్రాణాంతకమే. మీరు మందు ఇచ్చిన విషయం మీ డాక్టరుకు తప్పక చెప్పండి.

ఎర్లీకియా కేనిస్ అనేది గోధుమరంగు కుక్క పిడుదు ద్వారా వచ్చే సూక్ష్మజీవి. దీన్ని 1935లో అల్జీరియాలో మొదట గుర్తించారు. వియత్నాం యుద్ధ కాలంలో అమెరికా సైన్యం వెంట వెళ్లిన కుక్కలు, ముఖ్యంగా జర్మన్ షెపర్డ్‌లు, ఈ జబ్బుతో పెద్ద సంఖ్యలో చనిపోయాకే ప్రపంచం దీన్ని గట్టిగా పట్టించుకుంది. ఇది తెల్ల రక్తకణాల్లో చేరి పెరుగుతుంది. దానితో పోరాడే క్రమంలో శరీరం తన ప్లేట్‌లెట్లను తానే నాశనం చేసుకుంటుంది. ఆరోగ్యమైన కుక్కకు అవి సుమారు రెండు లక్షల నుంచి ఐదు లక్షల దాకా ఉంటాయి. మీరు చూసిన ఎర్ర మచ్చలు, ముక్కు రక్తం అవి తగ్గినందువల్ల వచ్చినవే.

ఇక మీ పది రోజుల సంగతి. పిడుదు కుట్టిన తరువాత లక్షణాలు కనిపించడానికి సాధారణంగా 8 నుంచి 20 రోజులు పడుతుంది కనుక మీ అనుమానం అసాధ్యం కాదు. కానీ హిమోగ్లోబిన్ 5.8 అంటే నాకు మరో రెండు అనుమానాలు వస్తున్నాయి. కొత్తగా వచ్చిన ఎర్లీకియా ఒక్కటే ఇంత త్వరగా ఎర్ర రక్తకణాలను ఇంతగా తగ్గించడం అరుదు. పిడుదులే మోసుకొచ్చే బెబీసియా అనే మరో సూక్ష్మజీవి కూడా తోడై ఉండవచ్చు, అది నేరుగా ఎర్ర కణాల్లోకే చొరబడి వాటిని పగలగొడుతుంది. లేదా ఎర్లీకియా నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి, ఏ లక్షణమూ లేకుండా దాగి ఉండి ఇప్పుడు బయటపడి ఉండవచ్చు. అదే నిజమైతే మీరు పెళ్లికి వెళ్లకముందే అది చుక్కి ఒంట్లో ఉన్నట్టు. మరొక మాట. ఆసుపత్రిలో అప్పటికప్పుడు చేసే కిట్ పరీక్ష యాంటీబాడీలను, అంటే సూక్ష్మజీవిని ఎదుర్కోవడానికి శరీరం తయారుచేసుకున్నవాటిని మాత్రమే చూపిస్తుంది, ఎప్పుడో సోకి తగ్గినదాన్ని కూడా ఉన్నట్టే చెబుతుంది.

అందుకని రేపు మీ డాక్టరును మూడు విషయాలు అడగండి: బెబీసియా కోసం రక్తపు స్మియర్ (రక్తపు చుక్కను గాజుపలక మీద పరిచి మైక్రోస్కోపులో చూడడం) గానీ పీసీఆర్ (సూక్ష్మజీవి జన్యుపదార్థాన్ని వెతికే పరీక్ష) గానీ చేశారా; ఎముక మజ్జ కొత్త ఎర్ర కణాలను తయారుచేస్తోందా, అంటే రెటిక్యులోసైట్లు అనే లేత ఎర్ర కణాలు ఎంత ఉన్నాయి; మూత్రపిండాలు ఎలా ఉన్నాయి. ఎంతవరకు ప్రయత్నించాలన్న మీ ప్రశ్నకు జవాబు చాలావరకు వీటిలోనే ఉంది. మజ్జ పని చేస్తూ ఉంటే ఎక్కించిన రక్తం గట్టు దాటించే పడవ లాంటిది. ఆ సమయంలో మందు తన పని చేస్తుంది, చాలా కుక్కలు రెండు మూడు రోజుల్లో తేరుకోవడం మొదలుపెడతాయి. మజ్జే ఎండిపోయి ఉంటే మాత్రం కథ కష్టమైనది, ఆ మాట మీ డాక్టరు దాచకుండా చెప్పాలి, మీరు అడగాలి.

రక్తం ఇచ్చే కుక్కకు కూడా ఎర్లీకియా, బెబీసియా పరీక్షలు చేయించకుండా ఎక్కించవద్దు. మన ప్రాంతంలో పైకి ఆరోగ్యంగా కనిపించే కుక్కల్లోనూ ఇవి ఉంటాయి. రెండు కుక్కల రక్తం కలుస్తుందో లేదో చూసే క్రాస్ మ్యాచ్ కూడా చేయించండి. డాక్సీసైక్లిన్‌ను ఆహారం తరువాతే ఇచ్చి, వెంట కొంచెం నీళ్లు పట్టించండి. పొడి మాత్ర గొంతులో ఆగితే అన్నవాహిక పుండు పడుతుంది. మొత్తం 28 రోజులు వాడాలి. పదో రోజుకే లేచి తిరుగుతోందని మానేసి, రెండు నెలలకు మళ్లీ తీసుకువచ్చేవాళ్లను చూసి నాకు చాలా బాధ కలుగుతుంది.

రాత్రి ఇంట్లో ఉన్నప్పుడు మీ నాన్నగారికి ఒక పని అప్పగించండి. చుక్కి నిద్రపోతున్నప్పుడు గడియారం పెట్టుకుని నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టి పుస్తకంలో రాయమనండి. 30 దాటకూడదు. పెదవి ఎత్తి చిగుళ్ల రంగు చూడమనండి. కాగితంలా తెల్లబడినా, పసుపు తిరిగినా, మూత్రం కాఫీ రంగులో వచ్చినా, ఊపిరి 40 దాటినా తెల్లవారేదాకా ఆగకుండా బయలుదేరాలి.

ఇంటి సంగతి మరవకండి. పిడుదు తన జీవితంలో ఎక్కువ కాలం కుక్క మీద ఉండదు. గోడ పగుళ్లలో, గుమ్మం సందుల్లో, మంచం కోళ్ల కింద ఉంటుంది. ఒక్క ఆడ పిడుదు వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. వేళ్లతో తీసి నలపకండి, పటకారుతో చర్మానికి ఆనించి నిటారుగా లాగి స్పిరిట్‌లో వేయండి. పిడుదులను చంపే మాత్ర ఎప్పుడు వేయవచ్చో మీ డాక్టరును అడగండి.

మూడో సమాధానం: విశాఖ నుంచి ఒక తల్లి

ఓరుగల్లు వారు చివరిదాకా వదలకండి అన్నారు. ఆ మాటలోని ప్రేమ నాకు అర్థమవుతోంది. అయినా దానితో పూర్తిగా ఏకీభవించలేను. మా బ్రౌనీకి మజ్జ దెబ్బతిన్నదని తెలిసిన తరువాత కూడా మేం పద్దెనిమిది రోజులు రక్తం ఎక్కిస్తూ పోయాం. చివరి వారం అది మా కోసం బతికింది, దాని కోసం కాదు. ఆ రోజుల్లో మేం ఎవరమూ కూర్చుని, ఏది జరిగితే ఆపాలో ముందుగా మాట్లాడుకోలేదు. మీరు ఈ రోజే, కాస్త స్థిమితంగా ఉన్నప్పుడే, నాన్నగారితో మాట్లాడండి. తినడం పూర్తిగా మానేస్తే, తనంతట తాను లేచి మూత్రానికి వెళ్లలేకపోతే, మీ పిలుపుకు తోక కదపకపోతే ఏం చేద్దామని ఆయననే అడగండి. మీకంటే ఆయనకు చుక్కి బాగా తెలుసు. అంతవరకు వస్తే కారుణ్య మరణం ప్రేమలేనితనం కాదు. అంతవరకు రాకపోతే మీరు ముందుగా మాట్లాడుకున్నందువల్ల పోయేదేమీ లేదు.

పాప విషయంలో మేం చేసిన తప్పు మీరు చేయవద్దు. మా అబ్బాయికి అప్పుడు ఎనిమిదేళ్లు. బ్రౌనీని అమ్మమ్మ వాళ్ల ఊరికి పంపించామని చెప్పాం. ఆ వేసవిలో వాడు అమ్మమ్మ ఇంట్లో బస్సు దిగగానే సంచి కింద పడేసి పెరటిలోకి పరుగెత్తాడు. గడ్డివాము వెనక, బావి దగ్గర, పక్కింటివాళ్ల కొట్టంలో వెతికి వచ్చి ఏమీ అడగకుండా నా ముఖం వైపు చూశాడు. ఆ చూపు నేను ఇప్పటికీ మరవలేను. మీ పాపకు జబ్బు పేరు చెప్పండి, మందు పేరు చెప్పండి, డాక్టరు కూడా కచ్చితంగా చెప్పలేకపోతున్నారని చెప్పండి. దగ్గర కూర్చోబెట్టి నెమ్మదిగా నిమరనివ్వండి.

ప్రశ్న అడిగినవారి జవాబు: ఐదు రోజుల తరువాత

మీ అందరికీ నా నమస్కారాలు. ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. డాక్టరమ్మగారు చెప్పిన మూడు ప్రశ్నలూ కాగితం మీద రాసుకుని వెళ్లి అడిగాను. మా డాక్టరు విసుక్కోకుండా స్మియర్ తీసి, పీసీఆర్‌కు కూడా పంపించారు. బెబీసియాలో గిబ్సోనీ అనే రకం ఉందని తేలింది. మజ్జ పని చేస్తోందని, మూత్రపిండాలు ప్రస్తుతానికి బాగానే ఉన్నాయని చెప్పారు. దానికి అటోవాక్వోన్, అజిత్రోమైసిన్ అనే మందులు కలిపి పది రోజులకు రాశారు. అటోవాక్వోన్ కొవ్వు ఉన్న ఆహారంతో ఇస్తేనే ఒంటికి పడుతుందట, అందుకని పెరుగన్నం మాని నెయ్యి కలిపిన అన్నంతో ఇస్తున్నాం. రక్తం కోసం నాన్నగారు కరకట్టకు ఒంటరిగా వెళ్లి అడిగారు. ఆయన ఎవరినైనా ఏదైనా అడగడం నేను ఎప్పుడూ చూడలేదు. రోజూ నడకలో నమస్కారం మాత్రమే పెట్టుకునే ఒక పెద్దాయన తన 34 కిలోల కుక్కను వెంటబెట్టుకుని ఆసుపత్రికి వచ్చి, పరీక్షలన్నీ అయ్యేదాకా కూర్చుని, 350 మిల్లీలీటర్లు ఇప్పించి వెళ్లారు. డబ్బు మాట ఎత్తనివ్వలేదు.

నిన్నటి పరీక్షలో హిమోగ్లోబిన్ 7.9, ప్లేట్‌లెట్లు 46,000 ఉన్నాయి. గండం గడిచిందని డాక్టరు ఇంకా అనలేదు. విశాఖ అమ్మగారు చెప్పినట్టు నాన్నగారితో మాట్లాడాను. ఆయన చాలాసేపు ఊరుకుని, చుక్కి తన చేతి నుంచి కూడా తినకపోతే అప్పుడు తనకు చెప్పమన్నారు. పాపకు అంతా చెప్పాం. ఒకసారి ఏడ్చి, డాక్సీసైక్లిన్ మాత్రల లెక్క తనే చూస్తానని గోడ మీద క్యాలెండరులో 28 రోజులకూ గడులు గీసింది. ఆరు గడులు నిండాయి.

నాన్నగారి పుస్తకం నా ముందుంది. పాత డైరీలో రాత్రి పది నుంచి తెల్లవారే దాకా గంటగంటకూ అంకెలు వేశారు. మొదటి రాత్రి 38, 36, 39. నిన్న రాత్రి 28, 27, 27. చివరి గడిలో, ఉదయం ఐదు గంటలకు ఎదురుగా, 26 అని రాసి, దాని పక్కన చిన్న అక్షరాలతో గేటు వైపు చూసింది అని రాశారు.