చీలమండ బెణికింది, గుల్మార్గ్ టికెట్లు చేతిలో ఉన్నయ్: పోవాల్నా, వద్దా?

సుబేదారి షటిల్ (జనవరి 12)

డిసెంబర్ 14 రాత్రి షటిల్ ఆడుతుంటే, స్మాష్ కొట్టి దిగేటప్పుడు నా ఎడమ కాలు పార్ట్‌నర్ బూటు మీద పడ్డది. పాదం లోపలికి మడత పడి టప్పుమని చప్పుడు. ఇంటికి చేరేసరికి బయటి చీలమండ దగ్గర కోడిగుడ్డంత వాపు. ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉంది, లిగమెంట్ కొంత చినిగింది, గ్రేడ్ 2 అన్నరు.

ఫిబ్రవరి 2 నుంచి గుల్మార్గ్‌లో స్కీయింగ్ నేర్చుకోవాలని మూడు నెలల కిందనే అనుకున్నం. నలుగురం. కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీ, అక్కడి నుంచి శ్రీనగర్ ఫ్లైట్. ట్రావెల్స్ వాళ్లు పైసా వాపస్ ఇయ్యమంటున్నరు.

ఇప్పుడు భద్రకాళి బండ్ మీద నొప్పి లేకుండా నడుస్తున్న. పద్మాక్షి గుట్ట మెట్లు ఎక్కిన, ఏం కాలే. దిగేటప్పుడు మాత్రం చీలమండ ముందు ఏదో అడ్డం పడ్డట్టు పట్టేస్తున్నది. మా గ్యాంగ్‌లో ఒకడు "స్కీ బూటంటే ప్లాస్టర్ కట్టే, కాలు కదలనే కదలదు, భయమెందుకు" అంటడు. మా అమ్మేమో "కాలు ఇరగ్గొట్టుకోనీకి అంత దూరం పోవాల్నా, హన్మకొండ గుంతలు సాలవా" అంటది. ఎవరి మాట వినాలె?

కాజీపేట జంక్షన్

అమ్మ మాట విను చెల్లె. 20 ఏండ్ల కింద వాలీబాల్ ఆడంగ నాక్కూడ గిట్లనే అయింది. వారంల వాపు దిగింది, ఇగ ఏం కాదని మళ్ల గ్రౌండ్ల దిగిన. అప్పటిసంది చిన్న రాయి మీద అడుగేసినా కాలు మడత పడ్తది. ముసురు పట్టిందంటే గుంజుడే గుంజుడు. మా దిక్కు పసరు కట్టు కట్టే పెద్దమనిషి ఉన్నడు, మూడు కట్లు కట్టించుకో. మంచు ఏడికి పోదు, వచ్చే ఏడు పో.

మంచు పిచ్చి

ఉత్తరాఖండ్ ఔలిలో 14 రోజుల స్కీయింగ్ కోర్సు చేసినవాడిగా చెప్తున్నా, వెళ్లండి అక్కా. మీ ఫ్రెండ్ చెప్పింది దాదాపు నిజమే. బూటు గట్టి ప్లాస్టిక్ పెంకు, నాలుగు బకిల్స్ బిగిస్తే పాదం పక్కలకు వెంట్రుకవాసి కూడా కదలదు. మీకు దెబ్బ తగిలింది పాదం పక్కకు మడత పడి కదా, ఆ మడతకు అందులో చోటే లేదు. పైగా గుల్మార్గ్‌లో కొత్తవాళ్లను పైన అఫర్వత్ వాలులకు తీసుకెళ్లరు, ఊరి పక్కనే ఉన్న పల్లపు మైదానంలో నేర్పిస్తారు. మొదటి రెండు రోజులు చేసేదంతా స్కీల ముందు మొనలు దగ్గరికి, వెనక భాగాలు దూరంగా పెట్టి బ్రేక్ వేయడమే. మెట్లు దిగడం కంటే తేలిక.

నయీంనగర్ ఫిజియో

మెట్లు దిగడం కంటే తేలికా? ఆ ఒక్క మాటకే సమాధానం రాయాలనిపించింది.

మెట్టు దిగేటప్పుడు పైమెట్టు మీద ఉన్న కాలి మోకాలు పాదం వేళ్లను దాటి ముందుకు వంగాలి. అంటే చీలమండ ముందుకు మడవాలి. బెణికిన తర్వాత ముందుగా పోయేదీ, అందరూ మరిచిపోయేదీ ఆ వంపే. షటిల్ గారికి మెట్ల మీద పట్టేస్తున్నది అదే. స్కీ బూటు పక్కల కదలికను ఆపుతుంది, ఒప్పుకుంటాను. కానీ అది ప్లాస్టర్ కాదు. ముందుకు వంగి, మోకాలి కింద కాలి ముందు భాగంతో బూటు నాలుకను నొక్కితేనే స్కీ మాట వింటుంది. ఆ వంపు లేనివాళ్లు తెలియకుండానే వెనక్కి కూర్చుంటారు. వెనక్కి కూర్చున్నవాడు పడితే దెబ్బ చీలమండకు కాదు, మోకాలికి.

ఒకప్పుడు తోలు బూట్లతో స్కీయింగ్ చేసే రోజుల్లో చీలమండలే ఎక్కువ దెబ్బతినేవి. 1960ల తర్వాత ప్లాస్టిక్ బూట్లు వచ్చాక ఆ దెబ్బలు తగ్గాయి, మోకాలి లోపలి ఏసీఎల్ లిగమెంట్ తెగడం పెద్ద సమస్య అయింది. బూటు భారాన్ని మాయం చేయదు, పైకి పంపుతుంది. ఇంకో సంగతి. స్కీ మొన ఎక్కడైనా చిక్కుకుని పాదం బయటికి మెలి తిరిగితే, చీలమండకు పైన రెండు ఎముకలను కట్టి ఉంచే లిగమెంట్లు దెబ్బతింటాయి. అవి మామూలు బెణుకు కంటే చాలా ఆలస్యంగా మానుతాయి.

కాజీపేట అన్నా, మీ కాలు ఇంకా మడత పడుతున్నది కట్టు లేక కాదు. పాదం ఎక్కడ ఉందో మెదడుకు చెప్పే నరాల కొసలు లిగమెంట్‌లోనే ఉంటాయి. అది చినిగితే ఆ కబురు కూడా ఆలస్యమవుతుంది. మూడు వారాలు కట్టి కదలకుండా ఉంచితే పిక్క కూడా సన్నబడుతుంది. పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడండి, ఇప్పుడు మొదలుపెట్టినా పనికొస్తుంది.

కాజీపేట జంక్షన్

పళ్లు తోముకుంట ఒంటికాలి మీద నిలవడితే మా ఇంట్ల నన్ను ఎర్రగడ్డకు పంపుతరు మేడమ్. సరే, కట్టు వద్దంటివి. మరి ఐస్ పెట్టుడు తెలివా, ఉప్పు కాపడం తెలివా? మా అమ్మ ఉప్పు మూటనే పెట్టేది.

నయీంనగర్ ఫిజియో

మొదటి రెండు రోజులు వాపు మీద వేడి పెట్టకపోతే మంచిది. ఐస్ నొప్పి తగ్గిస్తుంది, అంతవరకే. విశ్రాంతి, ఐస్, కట్టు, ఎత్తు అనే సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చిన అమెరికా డాక్టర్ గేబ్ మిర్కిన్ తానే 2014లో, ఐస్ వల్ల గాయం మానడం ఆలస్యం కావచ్చని వెనక్కి తగ్గాడు. షటిల్ గారికి ఇప్పుడు నాలుగు వారాలు దాటాయి కాబట్టి ఉప్పు మూట పెట్టుకున్నా నేను పోట్లాడను. వ్యాయామం మాత్రం ఎగ్గొట్టొద్దు.

ఇది చదివే మిగతావాళ్లకు ఒక మాట. బెణికిన వెంటనే నాలుగు అడుగులు కూడా వేయలేకపోయినా, చీలమండ ఎముక వెనక అంచు నొక్కితే ప్రాణం పోయినట్టున్నా, ముందు ఎక్స్‌రే. కట్టు ఆ తర్వాత సంగతి.

మంచు పిచ్చి

మేడమ్, మోకాలి మాట ఒప్పుకున్నా. వెనక్కి కూర్చోవద్దని మా ఇన్‌స్ట్రక్టర్ రోజుకు వంద సార్లు అరిచేవాడు, ఎందుకో ఇప్పుడు అర్థమైంది. కానీ అందరినీ ఇంట్లో కూర్చోబెడితే ఎలా? ఏడు వారాలు తక్కువేం కాదు.

నయీంనగర్ ఫిజియో

నేను వద్దనలేదు. వారాలు లెక్కపెట్టొద్దంటున్నాను, కాలునే అడగండి. గోడ ముందు నిలబడి, మడమ లేవకుండా మోకాలితో గోడను తాకాలి. బొటనవేలు గోడకు ఎంత దూరంలో ఉండగా తాకగలిగారో రెండు కాళ్లకూ కొలవండి. తేడా ఒకటి రెండు సెంటీమీటర్ల లోపుకు రావాలి. ఒంటికాలి మీద మడమ లేపడం రెండు కాళ్లతోనూ సమానంగా రావాలి. కళ్లు మూసుకుని ఒంటికాలి మీద నిలబడాలి. చివరగా గెంతాలి, ముందుకూ పక్కకూ. నొప్పి మాత్ర వేసుకుని పరీక్ష పెట్టుకోవద్దు, అది కాపీ కొట్టి పాసైనట్టే.

సుబేదారి షటిల్ (జనవరి 14)

సంక్రాంతి ముగ్గుల మధ్యల టేపు పట్టుకుని కొలుచుకున్న. కుడి 11, ఎడమ 6. మడమ లేపుడు కుడికి 25, ఎడమకు తొమ్మిదోదానికే వణుకు. ఇంత తేడా ఉందని నడకల అస్సలు తెల్వలే. మా తమ్ముడు "స్కీ వద్దు, స్నోబోర్డ్ చెయ్, దాని బూట్లు మెత్తగుంటయ్" అంటున్నడు.

మంచు పిచ్చి

దానికి మాత్రం నేను కూడా వద్దే అంటా అక్కా. బూటు మెత్తన కాబట్టే అందులో చీలమండకు దెబ్బలు ఎక్కువ.

నయీంనగర్ ఫిజియో

అవును. చీలమండ లోపలి టాలస్ ఎముక పక్క కొస విరుగుతుంది. చూడటానికి అచ్చం బెణుకులాగే ఉండి, మామూలు ఎక్స్‌రేలో తప్పిపోతుంటుంది. తమ్ముడినే చేయమనండి.

సుబేదారి షటిల్ (జనవరి 27)

రోజూ రెండు పూటలా చేసిన. గోడ లెక్క 6 నుంచి తొమ్మిదిన్నరకు వచ్చింది. మడమ లేపుడు 20. కళ్లు మూసుకుంటే మాత్రం పది సెకన్లకే ఒరుగుతున్న. ముందుకు గెంతితే బాగుంది, పక్కకు గెంతితే దిగేటప్పుడు మనసు వెనక్కి గుంజుతున్నది. నొప్పి కాదు, భయం.

పోతున్న. కానీ మొదటి మూడు రోజులు స్కీలు ముట్ట. గండోలా (తీగల మీద పోయే కేబుల్ కార్) మొదటి దశ దాకా ఎక్కి కూర్చుంట, మిగతా ముగ్గురు పడుతుంటే వీడియో తీస్త. నాలుగో రోజు పక్క గెంతు మళ్ల పరీక్షించుకుని, బాగుంటేనే బూటు వేసుకుంట. బరువు ఎక్కువ చూపిస్తే బైండింగ్ (బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపు) బిగుసుకుని పడ్డప్పుడు స్కీ ఊడదట, తక్కువ చూపిస్తే ఊరికే ఊడుతదట. అందుకే బరువు నిజమే చెప్త.

కాజీపేట అన్నా, పసరు కట్టు కట్టించలే. కానీ రాత్రి పడుకునే ముందు అమ్మ ఆముదం రాస్తున్నది. వద్దనలే.

కాజీపేట జంక్షన్

స్టేషన్‌కు ఏ రోజు వస్తున్నవో చెప్పు చెల్లె, మా ఇల్లు పక్కనే. బ్యాగులు నేను మోస్త. ఆ మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకో.