ఫాల్సమ్ ట్రైల్ మీద పల్లేరు ముళ్ళు: ఏ టైరు వేయాలి?

కాలిఫోర్నియాలోని ఫాల్సమ్‌లో ఉంటాను. ఇక్కడి అమెరికన్ రివర్ ట్రైల్, అంటే నది పక్కన వెళ్ళే సైకిల్ బాట, మొత్తం 32 మైళ్ళు. నేను సైకిల్ తొక్కేది బీల్స్ పాయింట్ నుంచి నాటోమా సరస్సు పక్కగా హేజెల్ అవెన్యూ దాకానే. జూలై వచ్చిందంటే వెనక టైరు పంక్చర్లే పంక్చర్లు. కారణం పల్లేరు ముళ్ళు. మన పొలాల గట్ల మీద చెప్పుల్లోకి దిగేవే, ఇక్కడా అవే! తారు మీద కాదు, నీళ్ళు తాగడానికి మట్టి అంచున ఆగినప్పుడు అంటుకుంటాయి.

నాది హైబ్రిడ్ సైకిల్ (రోడ్డుకీ మట్టి బాటకీ పనికొచ్చేది), 700 బై 35 సైజు టైర్లు, గాలి 65 పీఎస్ఐ. రాత్రి గట్టిగా ఉన్న టైరు పొద్దున్నకి చప్పబడుతుంది. ట్యూబు నీళ్ళలో ముంచితే సన్నటి బుడగలు ఆగి ఆగి వస్తాయి.

ప్యాచ్ వేశాను, ట్యూబు మార్చాను, టైరు లోపల గుడ్డతో తడిమి విరిగిన మొనలు పీకాను. ట్యూబులో సీలెంట్ (చిల్లులు మూసే ద్రవం) పోస్తే కొన్నాళ్ళు ఆగింది, తర్వాత వాల్వే మూసుకుపోయింది. టైరుకీ ట్యూబుకీ మధ్య ప్లాస్టిక్ లైనర్ పట్టీ పెడితే దాని అంచే ట్యూబుని కోసింది. రిమ్ టేపు (రిమ్ము లోపల ట్యూబుకి ఏమీ గుచ్చుకోకుండా వేసే పట్టీ) బాగానే ఉంది.

షాపులో ట్యూబ్‌లెస్ అంటున్నారు. నా రిమ్ములు దానికి పనికిరావు, అంటే చక్రాలే కొత్తవి కొనాలి. పాత రిమ్ముల మీదే వేసుకునేలా, పల్లేరు ముళ్ళని నిజంగా ఆపిన టైరు మీరు వాడినది ఏదైనా ఉందా?